తెరిచిన పాత్ర

సహారా దర్వాజా దగ్గర ఎక్కిన షేర్ ఆటో మనల్ని పర్వత్ పాటియాలో దింపేసరికి వాన సన్నబడింది. ఆదివారం సాయంత్రం. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు సెలవు కాబట్టి చీరల పార్సిళ్ళు మోసే టెంపోలు లేవు. పాటియా అంటే గుజరాతీలో పలక. పెద్ద రోడ్డు మీంచి లోపలి ఊరికి తిరిగేచోట పేరు రాసి పాతే పలక. పర్వత్ అనే ఊరికి తిరిగే మలుపు కాబట్టి పర్వత్ పాటియా. ఆ ఊరు సూరత్‌లో ఎప్పుడో కలిసిపోయింది, పలక పేరు మాత్రం నిలిచింది.

గల్లీలో మడమల దాకా నీళ్ళు. ఖాడీ, అంటే వాగు, పొంగిందంటే లింబాయత్ నుంచి ఇక్కడి దాకా ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. అందుకే వాన పడుతున్నంతసేపూ ఈ ఇళ్ళల్లో ఎవరో ఒకరు మాట మధ్యలో లేచి, వెళ్ళి గల్లీలోకి తొంగిచూసి వస్తుంటారు. ఈ రాత్రి మనం కూడా రెండు మూడుసార్లు లేస్తాం.

చెప్పులు మెట్ల కింద విడిచి పైకెక్కుదాం. తలుపు తీసే ఉంది. గడప పక్కన రాళ్ళు అంటించాల్సిన చీరల కట్టలు, పాలిథిన్ కవరు కప్పి. గోడమీద మార్కండేయుడి పటం. వంటింట్లోంచి మక్క గారెల వాసన. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడిపోయిన పద్మశాలి ఇళ్ళల్లో ఇదొకటి. కార్పొరేషన్ వాళ్ళ తెలుగు మీడియం బళ్ళు కూడా నడిచేంత మంది ఉన్నారు మనవాళ్ళు ఈ ఊళ్ళో. బాపు ఉయ్యాల బల్లమీద కూర్చుని మనకు తల పంకించి చోటు చూపించాడు. అవ్వ గోడకు ఆనుకుని వక్క కొరుకుతోంది.

గది మధ్యలో చాప. చాపమీద జకార్డు డిజైన్లు గీసే గ్రాఫ్ కాగితం. దానిమీద పెన్సిలుతో ఒక పాడుబడ్డ కోట. ఒక్కో గడి 5 అడుగులు. ఖాళీ బాబిన్లు నాలుగు నిలబెట్టారు, అవి బందిపోట్లు. ఇత్తడి చెంబు మూత బోర్లిస్తే అది రాక్షసుడు. మన పక్షం వాళ్ళు ముగ్గురూ చీరకు అంటించే రంగురాళ్ళు. చీరల డబ్బా మూత వెల్లకిలా పెట్టారు, పాచికలు అందులోనే పడాలి. ఒక అంచున, పాత జకార్డు అట్టలు నాలుగైదు దారంతో కుట్టి తడికలా నిలబెట్టిన చోట, ఇరవై ఆరేళ్ళ కుర్రాడు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పగలు కంప్యూటర్ మీద చీరల ప్రింట్లు గీస్తాడు. ఈ చాపమీద మాత్రం అతన్ని అందరూ మాస్టర్ అనే పిలుస్తారు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. మాస్టర్ కథ చెబుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "నేను ఇది చేస్తా" అంటారు. అది జరుగుతుందో లేదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఫలానా అంకె, ఆపైన పడితే పని అయినట్టు. తేలిక పనికి 10, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20. గెలిచేవాడూ ఓడేవాడూ అంటూ ఉండరు. కథ ముందుకు పోతుంది, అంతే. వందల పేజీల నియమాలున్నాయి, అయినా నియమం మాట్లాడని చోటు ప్రతి అరగంటకూ ఒకటి వస్తుంది. మనం చూడటానికి వచ్చింది ఆ చోటునే.

మొదలుపెట్టే ముందు మాస్టర్ మూడు మాటలు చెప్పాడు. ప్రతివారం చెబుతాడట. ఒరిగి పడిన పాచిక చెల్లదు, మళ్ళీ వెయ్యాలి. డబ్బా మూత బయట పడింది చెల్లదు. పాచిక చేతిలోంచి వదిలేదాకా చెప్పిన పనిని వెనక్కి తీసుకోవచ్చు, వదిలాక తీసుకోవడం లేదు.

అవ్వ వక్క నమలడం ఆపి మనవైపు తిరిగింది. "గవ్వలకు గూడ గంతే. ఒరిగిన గవ్వను లెక్కవెట్టకపోయేది."

ఆడేది ముగ్గురు. మాస్టర్ వాళ్ళ అక్క ఇంట్లోనే స్టోన్ వర్క్ చేస్తుంది, ఆటలో మంత్రాలు తెలిసిన పూజారిణి. మార్కెట్లో చీరలు మడతపెట్టే పని చేసే బావ విలుకాడు. పక్క బిల్డింగులో ఉండే రాజస్థానీ కుర్రాడు దొంగ. అతనికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతాడు. పుస్తకం ఇంగ్లీషు. మాస్టర్ చదివి తెలుగులో చెబుతాడు. అంటే ఈ గదిలో ప్రతి నియమం మూడు భాషల గుండా నడిచి చాపమీదికి వస్తుంది. గొడవ అక్కడే పుట్టింది.

కోట గుమ్మం ముందు రాక్షసుడు. వెనక ఇద్దరు బందిపోట్ల చేతుల్లో దివిటీలు, ఇద్దరి చేతుల్లో విల్లులు. మాస్టర్ గొంతు తగ్గించాడు. "వాడు మిమ్మల్ని చూసిండు. నోరు ఇంత తెరిచి గాండ్రించిండు."

"ఆగు," అంది అక్క. కాగితం తిప్పి తన మంత్రాల్లో ఒకదాని మీద వేలు పెట్టింది. నీళ్ళు పుట్టించే మంత్రం. మొదటి మెట్టుది, చాలా చిన్న మంత్రం. 30 అడుగుల లోపల, తెరిచిన పాత్రలో 10 గాలన్ల దాకా మంచినీళ్ళు పుట్టించొచ్చు. దాదాపు 38 లీటర్లు, మనం తెప్పించుకునే నీళ్ళ క్యాన్లు రెండింటికి కాస్త తక్కువ.

"వాడి నోట్లె పుట్టిస్త. ఊపిరితిత్తులల్ల. గంతటితోని అయిపాయె."

"తెరిచిన పాత్రల అని ఉన్నదక్కా."

"నోరు తెరిచిండంటివి గద. మరి వాడు పాత్ర గాదా? నేనో పాత్ర, బావో పాత్ర, వాడో పాత్ర. తెరిచిన పాత్ర!"

బావ చాపమీద చెయ్యి కొట్టి నవ్వాడు. రాజస్థానీ కుర్రాడికి ఇది అందలేదు. "బర్తన్ మానే బర్తన్. ఉస్‌మే ఆద్మీ కహాఁ సే ఆయా?" అన్నాడు. నిజమే, బర్తన్ అన్న మాటలో గిన్నె తప్ప మనిషి ఇమడడు. గిన్నెనూ కథలో మనిషినీ ఒకే మాటలో పెట్టుకున్నది మన 'పాత్ర'. ఇంగ్లీషులో ఆడేవాళ్ళు కూడా ఈ మంత్రంతో ఇదే వాదం చేస్తారు, ఊపిరితిత్తులు కూడా తెరిచిన డబ్బాలే కదా అని. ఈ ఆటలో బాగా పాతబడిన తగవుల్లో ఇదొకటి. అక్క మాత్రం దాన్ని ఎక్కడా చదవలేదు. తెలుగు ఆమెకు సొంతంగా దారి చూపించింది.

ఇప్పుడు మాస్టర్ ముఖం చూడండి. తమ్ముడిగా అతనికి నవ్వొస్తోంది. మాస్టర్‌గా నవ్వకూడదు, ఎందుకంటే అక్క సగం సరదాకు అన్నా సగం నిజంగానే అడుగుతోంది. ఆ మంత్రం ఆమె కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని ఈ వారం ఒక్కసారే వాడగలదు. "కాదు" అని కొట్టిపారేస్తే ఆమె తెలివికి విలువ లేకుండా పోతుంది. "అవును" అంటే వచ్చేవారం నుంచి ఏ రాక్షసుడొచ్చినా రెండు క్యాన్ల నీళ్ళతో చచ్చిపోతాడు, విలుకాడికీ దొంగకూ పని ఉండదు.

ఉయ్యాల మీంచి బాపు అన్నాడు. "అట్టకు చిల్లు ఉంటే పోగు లేస్తది. లేకుంటే లెవ్వది. మీ పుస్తకంల చిల్లు లేదా?"

ఆయన చూపు మాస్టర్ ముందు నిలబెట్టిన జకార్డు అట్టల మీద ఉంది. ముప్ఫై ఏళ్ళు సాంచాల దగ్గర నిలబడ్డ మనిషి. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పైకి లేస్తుంది, దానితో పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది. మధ్యస్థంగా మూడో సంగతి లేదు, సాంచా ఆగి ఎవరినీ అభిప్రాయం అడగదు. మాటతో రాసిన నియమం అలా ఉండదు. మాటకు చిల్లు ఎక్కడుందో ఎవరో ఒకరు చూసి చెప్పాలి. చూసి చెప్పే మనిషి లేకపోతే ఆట అక్కడే నిలిచిపోతుంది.

చూసి చెప్పే పనికి మన దగ్గర చాలా పాత పద్ధతులున్నాయి. యజ్ఞవిధుల్లో మాటలు తేలనప్పుడు అర్థం తేల్చడానికి మీమాంసకులు ఆరు ఆధారాలు పెట్టుకున్నారు. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. ఒకదానితో ఒకటి ఢీకొంటే ముందున్నదే బలం. సూటిగా చెప్పిన మాటే అన్నిటికన్నా పైన, వట్టి పేరు అన్నిటికన్నా కింద. మాటకు రెండర్థాలు పలికినప్పుడు వాడుకలో స్థిరపడ్డ అర్థమే ధాతువు లాగి తీసే అర్థం కన్నా గట్టిదన్నారు. పంకజం అంటే బురదలో పుట్టింది. కప్ప కూడా బురదలోనే పుడుతుంది, అయినా పంకజం తెమ్మంటే తామరపువ్వే తెస్తాం. సాధారణ నియమానికీ విశేష నియమానికీ తగవొస్తే విశేషమే గెలుస్తుందన్న ఉత్సర్గాపవాదన్యాయం కూడా ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు ఇదే సూత్రాన్ని మొదట్లోనే పెట్టుకుంది. మీమాంసా సూత్రకర్త జైమిని పేరు ఆ పుస్తకం రాసినవాళ్ళు విని ఉండాల్సిన అవసరం లేదు. నియమాలతో బతికేవాళ్ళందరూ ఏదో ఒకనాటికి ఆ గుమ్మానికే చేరుకుంటారు.

మాస్టర్‌కు మీమాంస తెలీదు. కానీ అతను చేసింది అదే, చూడండి. ముందు పుస్తకంలో అదే మంత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివాడు. తర్వాత వేలు పక్క పేజీల మీదికి పోయింది.

"అక్కా, దెబ్బ కొట్టే మంత్రం ఏదైనా తీస్కో. ఎన్ని పాచికల దెబ్బనో రాసి ఉంటది. తగిలేటానికి నువ్వో, తప్పించుకునేటానికి అవతలోడో ఏం పాచిక వెయ్యాల్నో రాసి ఉంటది. దీంట్ల రెండూ లేవు. అంటే ఇది కొట్టేటందుకు రాసింది గాదు. ఇంకోటి. ఒక్క మాటతోని మనిషిని చంపే మంత్రం ఉన్నది. అది తొమ్మిదో మెట్టు. అన్నిటికన్న పైది. అది గూడ వందకు మించి ప్రాణం ఉన్నోడి మీద పనిచెయ్యది. మొదటి మెట్టు మంత్రమే చంపితే తొమ్మిదో మెట్టుకు ఎక్కుడెందుకు?"

ప్రకరణం అంటే ఇదే. మాట ఒంటరిగా నిలబడితే రెండువైపులా ఒరుగుతుంది. చుట్టూ ఉన్న మాటల మధ్య నిలబెడితే ఒకవైపే నిలుస్తుంది.

ఆ తర్వాత అతను చేసిన పని నాకు బాగా నచ్చింది. తీర్పు చెప్పి ఊరుకోలేదు. "నోట్లె పుట్టదు. నువ్వింకా మంత్రం వెయ్యలేదు, నీ మాట వాపసు తీస్కోవచ్చు. ఇగో, ఇదే మంత్రంల ఇంకో సంగతి ఉన్నది. పాత్ర వద్దనుకుంటే 30 అడుగుల మేర వాన లెక్క పడుతది. ఆ మేరల బయటికున్న మంటలన్ని ఆరిపోతయి."

అక్క గ్రాఫ్ కాగితం వైపు చూసింది. రెండు దివిటీలు. ఆరితే విలుకాళ్ళకు ఏమీ కనపడదు. ఆమె ముఖంలో అప్పుడే ఓడిన తగవు ఎక్కడికో పోయింది. "వాన కురిపిస్త," అంది, ఆరు గడుల చదరం పెన్సిలుతో గీసేసి.

బావ లేచి గల్లీలోకి చూసొచ్చాడు. నీళ్ళు పెరగలేదు. కూర్చుంటూ మాస్టర్ చెబుతున్నది విన్నాడు. "దివిటీలు ఆరినయ్. బావ చేతిల కందీలు గూడ ఆరింది."

"నాదెట్ల ఆరుతది?"

నిజమే, ఆ చదరంలో బావ రంగురాయి కూడా ఉంది. కందీలు, అంటే లాంతరు, అతనిదే. కందీలు లేకపోతే అతనూ గుడ్డివాడే.

"బయటికున్న మంట అన్నవు. కందీలుకు చిమ్నీ ఉంటది. మంట లోపల ఉంటది, బయటెక్కడిది?"

ఇందాకటి తగవుకూ దీనికీ తేడా గమనించండి. అక్కది తెలివైన మెలిక. బావది నిజమైన సందేహం. పుస్తకంలో ఉన్న మాట గాలికి తెరిపిడిగా ఉన్న మంట గురించి. గాజు చిమ్నీలోని మంటకు గాలి కింది చిల్లుల్లోంచి అందుతుంది, వాన చుక్క మాత్రం తగలదు. ఏ వైపు చెప్పినా తప్పనడానికి లేదు. మాస్టర్ ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి ముందుకు పోవచ్చు, ఆ హక్కు అతనికి ఉంది. కానీ బావ ముఖం వేరేది చెబుతోంది. "ముందుగాల చెప్పనైతివి. చెప్తే నేను రెండు గడులు ఎనకకు జరిగేటోణ్ణి."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాన చప్పుడు, పక్కింటి టీవీ.

అప్పుడు అవ్వ అందుకుంది. "ద్రౌపది గూడ గదే అడిగె."

అందరం ఆమె వైపు తిరిగాం.

"కొలువుల అందరు ఉన్నరు. భీష్ముడున్నడు, ద్రోణుడున్నడు, గుడ్డిరాజున్నడు. ధర్మరాజు ముందుగాల తనను తాను ఒడ్డి ఓడె. ఓడినంక పెండ్లాన్ని ఒడ్డె. తన్నే ఓడినోడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ఆమె అడిగె. ఒక్కడు జెప్పలే. ధర్మం సూక్ష్మమన్నడు ముసలాయన. పాచికలు వడకముందు నోరు తెరిస్తే ఐపోవు."

నన్నయ తెనిగించిన సభాపర్వంలో కథ ఇదే. నియమం తేలని చోటును గురించి మన సాహిత్యంలో ఇంతకన్నా భయంకరమైన ఘట్టం ఇంకొకటి లేదని నేననుకుంటాను. వికర్ణుడు లేచి ఆమె ఓడలేదన్నాడు, విదురుడు మొదటి నుంచీ వద్దన్నాడు. కానీ ఆ ఆటకు మధ్యవర్తి లేడు. కొలువుకు పెద్ద అయిన ధృతరాష్ట్రుడి కొడుకే ఆడుతున్నాడు, కొడుకు తరఫున శకుని పాచిక వేస్తున్నాడు. ఓడిన మనిషి పందెం కాయగలడా లేదా అన్నది ఆట మొదలుపెట్టేటప్పుడు తేలాల్సిన సంగతి. ఆఖరి పందెం దగ్గరైనా, పాచిక దొర్లకముందు ఎవరైనా అడిగి ఉండాల్సింది. దొర్లాక అడిగితే ఏ జవాబైనా ఎవరో ఒకరి మీద దౌర్జన్యమే. తీర్పు సరైనదా కాదా అన్నది తర్వాతి మాట. ఎప్పుడు చెప్పారన్నదే అసలు.

మాస్టర్ ఒప్పుకున్నాడు. "నిజమే బావా. అక్క మంత్రం వెయ్యకముందే కందీలు సంగతి చెప్పాలె. చెప్పలే. నా తప్పు." పెన్సిల్ గీత రబ్బరుతో చెరిపేశాడు. "ఇంకా పాచిక పడలేదు. అక్కా, చదరం మళ్ళా గీయి. కందీలు ఆరుతదా ఆరదా ఇప్పుడు తేల్చ. ఆట అయినంక పుస్తకం చూసి రాస్త."

అక్క చదరాన్ని రెండు గడులు జరిపింది. దివిటీలు రెండూ లోపల, బావ రాయి బయట. ప్రశ్న తేలకుండానే ఆట నడిచింది. తేల్చకుండా దాటిపోవడానికి న్యాయమైన దారి ఉన్నప్పుడు దాటిపోవడం కూడా మాస్టర్ విద్యలో భాగమే, ఇది చాలామందికి తొందరగా పట్టుబడదు.

గారెలు వచ్చాయి. అల్లం చాయ్ వచ్చింది. బాపు మరో సందేహం తీశాడు. సాంచాలు నడిచే ఖాతాలో మాస్టర్ అంటే సాంచా చెడితే బాగుచేసేవాడు. ఈ మాస్టర్‌ను ఎవరు పెట్టారు?

సైన్యం పెట్టిందని చెప్పాలి. ప్రష్యాలో రైస్విట్జ్ అనే తండ్రి ఇసుకబల్లమీద యుద్ధం ఆడే పద్ధతి కనిపెట్టి 1812లో రాజుకు చూపించాడు. కొడుకు దాన్ని పటాల మీదికి తెచ్చి 1824లో నియమాల పుస్తకం అచ్చువేశాడు. అధికారులు రెండు పక్షాలుగా కూర్చుంటారు, మధ్యలో అంపైరు పాచికలు వేసి, పట్టికలు చూసి నష్టం లెక్కగడతాడు. పట్టికలు పెరిగాయి, ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాని పట్టికలు పక్కన పెట్టండి, యుద్ధం చూసిన అంపైరు తన అనుభవంతో చెబితే చాలు అన్నాడు. నియమమా, మనిషి విచక్షణా అన్న తగవు ఈ ఆటల్లో అప్పటినుంచే ఉంది. అమెరికా సైన్యంలో చార్లెస్ టాటెన్ 1880లో రాసిన స్ట్రాటెగోస్ ఈ సంప్రదాయంలోదే. ఆటగాడు ఏదైనా ప్రయత్నించవచ్చు, జరుగుతుందా లేదా రిఫరీ చెబుతాడు అన్న ఊహ డేవిడ్ వెస్లీకి ఆ పుస్తకంలో దొరికింది. 1969లో అతను మినెసోటాలో బ్రౌన్‌స్టైన్ అనే ఆట ఆడించాడు. ఆ బల్లచుట్టూ కూర్చున్న డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లోని గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. వాటిల్లో ఆట నడిపేవాడి పేరు ఇంకా రిఫరీయే.

బాపు అంతా విని, "అంటే సాంచా బాగుచేసేటోడే," అన్నాడు. తనకు సమాధానం దొరికినట్టే ఉంది.

బావ గారె తింటూ పోయిన నెల తను పెట్టిన పేచీ మనకు చెప్పాడు. దాచుకోకుండా చెప్పాడు. అది ప్రపంచమంతా తిరుగుతున్న పేచీయే. ఆటలో ఒక చుట్టు అంటే 6 సెకన్లు. ఆ 6 సెకన్లలో అందరూ తలా ఒక పని చేయవచ్చు. సరే, రెండు వేల మంది ఊరివాళ్ళను వరసగా నిలబెట్టి ఈటెను చేతులు మారుస్తూ పంపిస్తే? మనిషికి 5 అడుగుల లెక్కన 10,000 అడుగులు. మూడు కిలోమీటర్లు 6 సెకన్లలో. సెకనుకు 500 మీటర్ల పైమాట, ధ్వనికన్నా వేగం. చివరి మనిషి చేతిలోంచి ఆ ఈటె వెళితే కోటగోడ నిలుస్తుందా?

"ఏమన్నడు?" అని మనం అడిగాం.

"ఈటె దెబ్బకు ఆరు ముఖాల పాచిక ఒక్కటే అన్నడు. పంపేటప్పుడు పుస్తకం లెక్క, కొట్టేటప్పుడు సైన్సు లెక్క అంటే కుదరదన్నడు. ఏదో ఒక్కటే పట్టుకొమ్మన్నడు. మంచిగనే అన్నడు." 2024లో వచ్చిన మాస్టర్ల పుస్తకం కూడా సరిగ్గా ఈ ఈటె సంగతే ఎత్తి, నియమాలు ఆట కోసం పెట్టినవి, భౌతికశాస్త్రం కాదని రాసింది. అది బావ ఫోన్‌లో చూసి, ఓడిపోయినందుకు బాధపడకపోగా, తన పేచీ పుస్తకానికి ఎక్కినందుకు సంతోషపడ్డాడు.

మళ్ళీ ఆట. చీకట్లో బందిపోట్లు బాణాలు వేశారు. కనపడని మనిషి మీద వేస్తే రెండు పాచికలు వేసి చిన్నదే తీసుకోవాలి. రెండూ గురితప్పాయి. దొంగ గోడపక్కగా జారి ఒకణ్ణి పడగొట్టాడు. బావ వంతు. రాక్షసుడి మీద గురి. అతని చేతిలోంచి పాచిక డబ్బా మూతలో దొర్లి, మూత అంచుకు ఆనుకుని, ఒరిగి ఆగింది. పైకి తేలిన ముఖం మీద 20.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కొంచెం కదిపితే 20 పైకే వచ్చేట్టుంది. ఆ అంకె పడితే దెబ్బ పాచికలు రెండింతలు. బావ ఊపిరి బిగబట్టాడు. మాస్టర్ నోరు తెరవకముందే అతనే పాచిక తీసుకుని, మాట్లాడకుండా మళ్ళీ వేశాడు. 7. బాణం రాతిగోడకు తగిలింది.

కందీలు దగ్గర అంత పేచీ పెట్టిన మనిషి ఇక్కడ ఒక్క మాట అనలేదు. ఒరిగింది చెల్లదని సాయంత్రం ఆట మొదలుకాకముందే విన్నాడు, అందుకు.

"ఎవరింటి ఆట ఆడుదామని అడుగుతుంటిమి," అంది అవ్వ, ఎవరినీ ఉద్దేశించకుండా. అష్టాచెమ్మ సంగతి. నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అవి పడితే ఇంకో వంతు ఉంటుంది. వరసగా మూడుసార్లు పడితే? ఆమె అవ్వగారింట్లో, అంటే పుట్టింట్లో, మూడూ కొట్టుడుపోయేవి. అత్తగారింట్లో అన్నీ లెక్కకు వచ్చేవి. లోపలి గడుల్లోకి పోవాలంటే ముందు అవతలివాళ్ళ కాయ ఒకటి చంపాలా వద్దా? అదీ ఇంటికో తీరు. "పెండ్లైన కొత్తల నా ఆడబిడ్డతోని కొట్లాడి రెండు దినాలు మాట్లాడలె. గప్పటిసంది గవ్వలు పట్టకముందే అడుగుడు మొదలువెట్టిన. అవ్వగారి ఆటనా, అత్తగారి ఆటనా? ఏదైతేంది, ఇద్దరికి ఎరుక ఉండాలె."

రాత్రి పదిన్నర. రాక్షసుడు పారిపోయాడు, చంపలేకపోయారు. వచ్చేవారం వాడి గుహ. చెంబు మూత వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాజస్థానీ కుర్రాడు ప్యాంటు మడిచి గల్లీ నీళ్ళలోకి దిగాడు. బావ గుమ్మంలో నిలబడి అతను అవతలి మెట్లెక్కేదాకా టార్చి పట్టాడు.

మాస్టర్ ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీశాడు. బైండు అట్ట మీద ఆట పేరు లేదు, 'తీర్పులు' అని ఉంది. లోపల ప్రతి పేజీ మూడు గడులు. నిత్యం, వైకల్పికం, బహుళం. ఆ పేర్లు అక్క పెట్టింది. పదో తరగతి ఆమె అమ్మమ్మ ఊళ్ళో, వరంగల్ దగ్గర చదివింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని సంధులు చెబుతూ అక్కడి తెలుగు పంతులు ఆ మూడు మాటలు వల్లెవేయించాడట. ఉత్వసంధి నిత్యం, తప్పకుండా జరుగుతుంది. ఇత్వసంధి వైకల్పికం, ఏమంటివి అన్నా ఏమియంటివి అన్నా ఒప్పే. అత్వసంధి బహుళం. ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట ఇష్టం, ఒకచోట ఒక, ఒక కలిసి ఒకానొక అయినట్టు మరేదో అవుతుంది. సూత్రంలో బిగించలేని చోట ఒక మాట పెట్టి, ప్రయోగం చూసి నడుచుకోమన్న ఆ వ్యాకర్త వినయం నాకెప్పుడూ గౌరవం కలిగిస్తుంది. నూటయాభై ఏళ్ళ పైబడిన ఆ మాట పర్వత్ పాటియాలో ఒక పాచికలాటకు పనికొస్తోంది.

ఒరిగిన పాచిక నిత్యంలో ఉంది. ఊరివాళ్ళ ఈటె నిత్యంలో ఉంది. దాక్కున్నవాడి మీద బాణం వేస్తే అడ్డు సగమా ముప్పాతికా అన్నది బహుళంలో ఉంది, పటం చూసి అప్పటికప్పుడు చెప్పాల్సిందే. ఇవాళ్టి తేదీ వేసి మొదట 'నీళ్ళ మంత్రం: నోరు పాత్ర కాదు' అని నిత్యంలో రాశాడు. అక్క భుజంమీంచి తొంగిచూసి, ఆ వాక్యం కింద తన మెలికను కూడా రాయమంది. రాశాడు.

తర్వాత కందీలు. పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ తీశాడు, కందీలు వివరం ఉన్న పేజీ కూడా తీశాడు. కాసేపు పెన్ను ఆడలేదు. చివరికి పైకి చదువుతూ రాశాడు. "చిమ్నీ ఉన్న కందీలు వాన మంత్రానికి ఆరదు. ముందు చెప్పకపోవుడు నాది. వచ్చే ఆదివారం నుంచి." పెన్నుకు మూత పెట్టి బావ వైపు తిప్పి చూపించాడు. బావ చదివి తలాడించాడు.

గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న అవ్వ నిద్రపోయిందనుకున్నాం.

"చిమ్నీ పగిలి ఉంటె?" అంది.

మాస్టర్ పెన్ను మూత తీశాడు.